తల కదపకుండా చూసిన రోజు

టెస్టింగ్ ఉద్యోగాల్లో కొత్తగా చేరిన పిల్లలు ఇంటికొచ్చినప్పుడు నన్ను అడిగే మాట ఒకటుంది. "అంకుల్, ఈ లైన్‌లో పైకి రావాలంటే ఏం ఉండాలి?" అని. చాలా ఏళ్లు తడుముకోకుండా "అనుమానం ఉండాలి" అని చెప్పేవాణ్ణి. ఇప్పటికీ అదే చెబుతాను గానీ, చెప్పాక ఇంకో సంగతి కూడా కలపాలనిపిస్తుంది. నోటితో చెబితే మీరు నవ్వేసి ఊరుకుంటారు, నేనూ నవ్వేస్తాను. అందుకని రాస్తున్నాను.

అనుమానం నాకు ఉద్యోగం నేర్పింది కాదు. గుంటూరులో ఉన్నప్పుడే కూరగాయల బండి దగ్గర తూకపు రాళ్లు తిరగేసి చూసే అలవాటు నాది. పెళ్లిచూపుల్లో తను పాట పాడుతుంటే వెనక గదిలో టేప్ రికార్డర్ ఏమైనా ఉందేమోనని తొంగిచూశానని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. సింగపూర్‌లో, సైన్స్ పార్క్‌లోని ఒక కంపెనీ ఈ గుణానికే నెల నెలా జీతం ఇస్తానన్నప్పుడు నాకంటే ఆవిడే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

మా కంపెనీ చిన్నది. పెద్ద సంస్థలు ఏదైనా కొత్త యంత్రాన్ని వందల్లో కొనేముందు రెండో మూడో మా దగ్గరికి పంపేవి. మేం నెలల తరబడి వాడి, అది పనికొస్తుందా, వస్తే ఎవరికి, రాకపోతే ఎవరికి రాదు అని రిపోర్టు రాసిచ్చేవాళ్లం. నేను అక్కడ సీనియర్ టెస్టర్ని. వైటూకే గండం గడిచిపోయి, ఐటీ మళ్లీ మంచి ఊపు మీదున్న కాలం. అట్టపెట్టెలోంచి ఏ వస్తువు తీసినా ఇక ప్రపంచం మారిపోతుందనేవాళ్లు. ఇలా నెలకోసారి ప్రపంచం మారిపోతుంటే నాకు విసుగ్గా ఉండేది.

అలాంటి రోజుల్లో త్రీడీ ల్యాప్‌టాప్ వచ్చింది. జురాంగ్ ఐలాండ్‌లో రసాయనాల ప్లాంట్లకు పైపులు డిజైన్ చేసే సంస్థ ఒకటి, తమ డిజైనర్లకు వాటిని కొనాలా వద్దా తేల్చమని మాకు పంపింది. కళ్లజోడు అక్కర్లేదు, ఉత్త కళ్లతో చూస్తే చాలు, పైపులు తెరలోంచి మీ ముందుకొస్తాయని అమ్మే కంపెనీ సేల్స్‌మన్ చెప్పాడు. మాటకో నవ్వు నవ్వే మనిషి. ఎక్కువ నవ్వే సేల్స్‌మన్లంటే నాకు మొదటినుంచీ పడదు.

అది పనిచేసే తీరు కాస్త చెప్పాలి. ఒక వేలు ముక్కుకి ఎదురుగా పెట్టుకుని, ముందు ఒక కన్ను మూసి చూడండి, తర్వాత రెండోది మూసి చూడండి. వేలు పక్కకి గెంతుతుంది. అంటే మన రెండు కళ్లూ రెండు వేరు బొమ్మలు చూస్తున్నాయన్నమాట. మెదడు ఆ రెంటినీ కలిపి ఏది దగ్గర, ఏది దూరం అని తేల్చుకుంటుంది. ఈ ల్యాప్‌టాప్ తెరలో నిలువు చీలికలున్న పల్చటి పొర ఒకటి ఉంటుంది. దాని వల్ల తెర మీది నిలువు వరసల్లో ఒకటి విడిచి ఒకటి ఎడమ కంటికే కనిపిస్తాయి, మిగిలినవి కుడి కంటికే కనిపిస్తాయి. మీట నొక్కితే చీలికలు మాయమై మామూలు తెర అయిపోతుంది. ఇందులో ఇబ్బంది ఏమిటంటే తల సరైన చోట ఉండాలి. నాలుగు వేళ్ల వెడల్పు పక్కకి జరిగామంటే ఎడమ కంటికి వెళ్లాల్సిన బొమ్మ కుడి కంటికి వెళ్లి అంతా తారుమారవుతుంది. పైగా వెలుతురు సగానికి తగ్గుతుంది, అక్షరాలు విరిగిపోయినట్టు కనిపిస్తాయి.

ఇదంతా నేను వచ్చిన ప్రతివాళ్లకీ వేలు చూపించి మరీ వివరించేవాణ్ణి. సేల్స్‌మన్ కంటే నువ్వే బాగా చెబుతున్నావని మా మేనేజర్ మెచ్చుకునేవాడు కూడా. ఆయన సింగపూర్ చైనీయుడు, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద, పద్ధతి అంటే ప్రాణం పెట్టే మనిషి.

పరీక్ష మొదలుపెట్టేముందు టెస్టర్లకే ఒక పరీక్ష పెట్టాం. తెర నిండా చుక్కలుంటాయి. వాటిలో ఒక ఆకారం దాగి ఉంటుంది. మామూలుగా చూస్తే చుక్కలే, లోతు తెలిసినవాడికి మాత్రం ఆకారం పైకి తేలి కనిపిస్తుంది. నేను కుర్చీలో కూర్చుని, అలవాటు ప్రకారం తల అటూ ఇటూ ఆడిస్తూ చూశాను. మనవాళ్లం ఔనన్నా తల ఆడిస్తాం, ఆలోచిస్తున్నా ఆడిస్తాం, ఫోన్‌లో అవతలి మనిషికి కనపడకపోయినా ఆడిస్తాం. "నీ తల ఎస్ అంటోందా, నో అంటోందా?" అని మేనేజర్ చేరిన కొత్తలో నన్ను ఆటపట్టించేవాడు. సరే, చూస్తుంటే చుక్కల మధ్య ఒక ముక్క అంచులు గబుక్కున కదిలినట్టయింది. "చతురస్రం" అన్నాను. తర్వాత త్రికోణం, తర్వాత వలయం. అయిదుకి అయిదూ సరిగ్గా చెప్పాను.

త్రీడీ అంటే ఇంతేనా అనుకున్నాను. పక్కన మిగతా టెస్టర్లు అబ్బో, వావ్ అంటూ తెర ముందు గాలిలో చెయ్యి పెట్టి తడుముతున్నారు. చుక్కలు నాలుగు కదిలితే దానికింత హంగామా ఎందుకో నాకు అర్థం కాలేదు. ఒకడు అన్నాడని రెండోవాడూ, రెండోవాడు అన్నాడని మూడోవాడూ అంటున్నారని తేల్చుకున్నాను. ఆ రోజు నుంచే ఈ యంత్రం మీద నాకు గట్టి అనుమానం పట్టుకుంది.

ఇక ఒక అమ్మాయి సంగతి చెప్పాలి. ఆ పరీక్షల కోసమే ఆమెని మా టీమ్‌లోకి కొత్తగా తీసుకున్నారు. పాతికేళ్లు దాటి ఉంటాయి. హార్డ్ డిస్కులు తయారుచేసే ఫ్యాక్టరీలో లైన్ మీద నిలబడి పనిచేస్తూ, సాయంత్రం క్లాసులకెళ్లి డిప్లొమా తెచ్చుకుంది. తనదంటూ ఒక కుర్చీ, బల్ల ఉన్న మొదటి ఉద్యోగం ఆమెకిది. ఆరు నెలలు ప్రొబేషన్. ఆరో నెల చివర నేను రాసే రిపోర్టును బట్టి ఉద్యోగం ఖాయం చేయడమో, పంపించేయడమో జరుగుతుంది. ఆ సంగతి ఆమెకీ తెలుసు, నాకూ తెలుసు.

మొదటిరోజు నా బల్ల మీదున్న తెలుగు పత్రిక చూసి ఆగింది.

"అంకుల్, మీరు తెలుగా? మేమూ తెలుగే. మా తాత విజయనగరం సైడ్ నుంచి వచ్చాడట, సెంబవాంగ్ నేవల్ బేస్‌లో పని. మా నాన్న షిప్‌యార్డ్. మా ఇంట్లో తెలుగు కొంచెం రోజాక్, తమిళం, మలయ్ అన్నీ కలిసిపోయి ఉంటాయి. నవ్వకండి లా."

రోజాక్ అంటే అక్కడ పళ్లూ కూరగాయ ముక్కలూ అన్నీ కలిపేసి చేసే చిరుతిండి, 'లా' అంటే అక్కడివాళ్లు మాట చివర తగిలించే ఊతపదం. నేను నవ్వలేదు. ఆఫీసులో నలుగురి ముందూ అంకుల్ అన్నందుకు కొంచెం ముఖం ముడుచుకున్నాను కూడా. అప్పటికి నాకు నలభై అయిదే. కానీ ఆ దేశంలో టాక్సీ డ్రైవర్నీ అంకుల్ అంటారు, ఇంటి యజమానినీ అంకుల్ అంటారు.

నెల తిరక్కముందే ఆమె రాసే పరిశీలనలు నన్ను ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టాయి. మా పద్ధతి ప్రకారం ప్రతి టెస్టరూ ఒక పైపుల మోడల్‌ను తెర మీద ఇరవై నిమిషాలు చూసి, ఏం కనిపించిందో రాయాలి. మిగతావాళ్లు రెండు మూడు వాక్యాలు గీకేవాళ్లు. ఈమె పేజీ రాసేది. ఎర్ర పైపు ఆకుపచ్చ పైపుకి నాలుగు వేళ్లు ముందుంది, నిచ్చెన ఆ రెంటికీ వెనక ఉంది, వాల్వ్ చక్రం తిప్పడానికి చెయ్యి పట్టదు, ఇరవయ్యో నిమిషానికి నుదురు నొప్పి మొదలైంది, ఇద్దరు కలిసి చూస్తే పక్కవాళ్లకి ఏమీ కనిపించదు. ఇలా ఉండేది వరస. నేను అదే మోడల్ చూస్తే నాకు రంగు రంగు గీతలు ఒకదాని మీద ఒకటి కనిపించేవి. తల ఆడిస్తే గీతలు కదిలేవి, అంతే.

"నీకిదంతా ఎట్లా కనపడిందమ్మా?" అని అడిగాను ఒకరోజు.

"చూస్తే కనబడింది అంకుల్."

"చూస్తే నాకు కనపడలేదే?"

ఆమె నా వంక ఒక్క క్షణం చూసి, "మీ చైర్ హైట్ కొంచెం మార్చి చూడండి అంకుల్" అంది.

నాకు చిర్రెత్తింది. కుర్చీ ఎత్తు సరిచేసుకోవడం నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల నాకు నేర్పాలా? అప్పటినుంచీ ఆమెను కనిపెట్టడం మొదలుపెట్టాను. ఈమెకు ముందే డ్రాయింగులు అందుతున్నాయనేది నా మొదటి అనుమానం. ఎవరికీ చెప్పకుండా మోడల్ మార్చేశాను. కొత్తదాన్నీ అంతే వివరంగా రాసింది, తర్వాత అసలు డ్రాయింగుతో సరిచూస్తే ఒక్క తప్పు లేదు. దాంతో నా అనుమానం పోవాలి కదా. పోలేదు సరికదా, ఇంత తప్పుల్లేకుండా ఎవరు రాస్తారు, ఇందులో ఏదో ఉందని ఇంకా పెరిగింది. ఆమె కూర్చునే చోటు మార్చాను. చూసే సమయం తగ్గించాను. డ్రాయింగులుండే బీరువా తాళం నా జేబులో వేసుకుని తిరిగాను.

ఆమె ఇంకో మాట కూడా రాసింది. ఒక్కో టెస్టర్ తల ఒక్కో రకంగా కదులుతోంది కాబట్టి ఫలితాలు పోల్చలేమని, కళ్లజోళ్ల షాపులో ఉండేలాంటి గడ్డం ఆనించుకునే స్టాండ్ ఒకటి ఉంటే అందరి తలా ఒకేచోట ఉంటుందని. నేను దాని పక్కన "అవసరం లేదు" అని రాసి పక్కన పడేశాను. తల కదిలిస్తే చెడిపోయే బొమ్మని తల బిగించి చూపించాలనుకుంటోందంటే, ఇది యంత్రం లోపాన్ని దాచడానికేనని నాకు గట్టిగా తోచింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం, తిండి దుకాణాలన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో చూశాను. ఆమె ఒక టేబుల్ దగ్గర కూర్చుని అన్నం తింటోంది. ఎదురుగా ఆ సేల్స్‌మన్, అదే నవ్వుతో. మూడో కుర్చీ ముందు టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఉంది. అక్కడ సీటు ఆపుకోవాలంటే అలా పెడతారు, చోప్ చేయడమంటారు దాన్ని. మధ్యాహ్నం రద్దీలో ఎవరి టేబుల్ దగ్గర ఎవరైనా కూర్చుంటారన్న సంగతి నాకు తెలియనిది కాదు. నేనే ఎన్నిసార్లు ముక్కూ మొహం తెలియని వాళ్లతో కూర్చుని నూడుల్స్ తినలేదు? అయినా నా మనసు అటు పోలేదు. దొరికారు అనుకున్నాను. వాళ్లకి కనపడకుండా వెనక్కి తిరిగి, ఆ పూట తిండి కూడా మానేసి ఆఫీసుకొచ్చేశాను.

ఆమె ఆరో నెల అయిపోవచ్చింది. మంగళవారం కూర్చుని రిపోర్టు రాశాను. పరిశీలనలు నమ్మదగినవి కావు. కనిపించనివి కూడా కనిపించినట్టు రాస్తున్నది. అమ్మే సంస్థ ప్రతినిధితో ఆఫీసు బయట సంబంధాలున్నాయి, స్వయంగా చూశాను. ఉద్యోగం ఖాయం చేయవద్దు. ఇంగ్లిషులో రాసినప్పుడు ఇదంతా ఎంతో మర్యాదగా కనిపించింది. సంతకం పెట్టి మేనేజర్‌కి ఇచ్చాను. మా దగ్గర పద్ధతేమిటంటే, ఒకసారి ఇచ్చిన రిపోర్టు ఫైల్లోంచి ఎవరూ తీయడానికి లేదు. శుక్రవారం నాడు ఆ ఉద్యోగిని పిలిచి, చదివించి, ఆ కాగితం మీద సంతకం తీసుకోవాలి. మేనేజర్ చదివి, "గట్టిగా రాశావు. ఖాయమేనా?" అన్నాడు. నేను తల ఆడించాను. "ఇది ఎస్సేనా?" అన్నాడు. ఎస్సే అన్నాను.

గురువారం జురాంగ్ ఐలాండ్‌లో ఆ సంస్థ వాళ్లకి యంత్రం చూపించాలి. మేనేజర్, నేను, ఆ అమ్మాయి వెళ్లాం. గేటు దగ్గర పాస్‌లు తీసుకుని, కంపెనీ బస్సులో వంతెన దాటి లోపలికి పోతుంటే, కిటికీ బయట ఎటు చూసినా పైపులే. ఆమె ముఖం కిటికీకి ఆనించి చూస్తోంది. ఒళ్లో పెద్ద సంచి పెట్టుకుంది. ఏముంది అందులో అని అడగబోయి మానేశాను.

ఆ సంస్థలో పైపుల డిజైన్ విభాగానికి పెద్ద ఒక మలయ్ ఆయన. ప్లాంట్లలో ఇరవై ఏళ్లు పనిచేసి డిజైన్‌లోకి వచ్చినవాడు. ఆయన మాటలతో కాలయాపన చేయలేదు. ఒక మోడల్ తెర మీద పెట్టాడు. వాళ్ల ప్లాంట్‌లోదే. కట్టేశాక తెలిసిందట, ఒక వాల్వ్ చక్రానికి అడ్డంగా పైపు వచ్చిందని. ప్రమాదమొస్తే ఆ వాల్వ్ మనిషి చేత్తో తిప్పి మూయాలి, కానీ చెయ్యి దూరదు. కాగితం మీద పదిమంది చూసినా ఎవరూ కనిపెట్టలేదు, ఎందుకంటే గీతల బొమ్మలో ఏ పైపు ముందుందో ఏది వెనకుందో తెలియదు.

"ఆ వాల్వ్ ఎక్కడుందో చూపిస్తే మీ యంత్రం కొంటాను" అన్నాడాయన.

అప్పుడు ఆ అమ్మాయి సంచిలోంచి గడ్డం స్టాండ్ బయటికి తీసింది. వాళ్లింటి దగ్గరున్న కళ్లజోళ్ల షాపాయన్ని బతిమాలి తెచ్చిందట. మేనేజర్‌ని ముందే అడిగి ఒప్పించింది, నాకు చెప్పలేదు. ల్యాప్‌టాప్ ముందు బల్లకి బిగించి, "ఇందులో గడ్డం పెట్టి చూస్తే అందరికీ ఒకేలా ఉంటుంది" అని ఇంగ్లిషులో చెప్పింది.

నా ఒళ్లు మండిపోయింది. వీళ్ల గుట్టు ఇప్పుడే ఇక్కడే బయటపెట్టాలనుకున్నాను. "ముందు నేను కూర్చుంటాను" అన్నాను. కూర్చుని గడ్డం ఆనించాను. నుదురు పైనున్న పట్టీకి తగిలింది. ఆ స్టాండ్ తలని బాగా పట్టుకుంది, కదపడానికి లేదు. ముందు చుక్కల పరీక్ష పెట్టారు. చుక్కలు కనిపించాయి. ఆకారం ఏదీ లేదు. ఇంకొకటి పెట్టారు. అవీ ఉత్త చుక్కలే. తర్వాత పైపుల మోడల్ పెట్టారు. గోడకి అంటించిన కాగితం మీది గీతల్లా ఉన్నాయి.

నేను లేచి నిలబడి, చాలా ఉత్సాహంగా చెప్పాను. "చూశారా? తల కదపకుండా చూస్తే ఇందులో ఏమీ లేదు. ఇన్నాళ్లూ మనం చూసింది మన తల కదలిక వల్ల కలిగిన భ్రమ. ఇది త్రీడీ కాదు, ఏమీ కాదు."

మలయ్ ఆయన కూర్చుని గడ్డం ఆనించాడు. నాలుగు సెకన్లు పట్టిందేమో. "నీలం పైపు" అన్నాడు. "మెట్ల పక్క వాల్వ్‌కి ముందుంది." మా మేనేజర్ కూర్చున్నాడు. ఆయనా నీలం పైపే అన్నాడు. కాఫీ కప్పులు తీయడానికి వచ్చిన ఆంటీని మలయ్ ఆయన సరదాగా కూర్చోబెట్టాడు. ఆమెకి వాల్వ్ అంటే ఏమిటో తెలియదు. కానీ చూడగానే వెనక్కి జరిగి, "అయ్యో, ఈ బ్లూ గొట్టం నా మూతికి తగిలేలా ఉంది లా" అంది. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. కప్పులు తీసే ఆంటీని కూడా సేల్స్‌మన్ కొనేశాడా? నిజం చెబుతున్నాను, ఆ ఆలోచన కూడా ఒక్క క్షణం నా బుర్రలోకి వచ్చింది. ఆ తర్వాత గానీ, తేడా నాలోనే ఉందేమోనని తట్టలేదు.

గదిలో ఎవరూ నా వైపు చూడటం లేదు. అది ఇంకా కష్టంగా ఉంది. అప్పుడు ఆ అమ్మాయి నా పక్కకి వచ్చి, మిగతావాళ్లకి అర్థం కాకుండా తెలుగులో, చాలా మెల్లిగా అడిగింది.

"అంకుల్, చిన్నప్పుడు మీ కంటికి ఏమైనా అయిందా?"

"ఏమీ కాలేదే."

"ఒకసారి కుడి కన్ను మూసి, ఆ గోడ మీద క్యాలెండర్ చదవండి అంకుల్. ఊరికే, నాకు మాత్రం వినపడేట్టు."

మూశాను. క్యాలెండర్ మీద అంకెలు లేవు. నల్లటి మరకలున్నాయి. నాకు నలభై అయిదేళ్లొచ్చాయి, ఒక్క కన్ను మూసుకుని ఏదైనా చదవాలని ఒక్కనాడూ ప్రయత్నించలేదు. వేలు గెంతుతుందని ఊరంతా చూపించినవాణ్ణి, వేలు మసగ్గా గెంతుతోందని గమనించలేదు. చిన్నప్పుడు కాస్త మెల్ల ఉండేదని, అది అదృష్టమని మా ఇంట్లో ఎవరూ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లలేదని, పెద్దయ్యాక అదే సర్దుకుందని గుర్తొచ్చింది. తర్వాత కంటి డాక్టర్ చెప్పినదీ అదే. ఎడమ కన్ను పంపే బొమ్మని నా మెదడు చిన్నప్పుడే పట్టించుకోవడం మానేసిందట. ఈ వయసులో చేయగలిగింది పెద్దగా లేదట. నేను క్రికెట్లో క్యాచ్‌లన్నీ వదిలేయడం, కాఫీ కప్పులో పోయబోయి సాసర్లో పోయడం, మా ఆవిడ "చూసి పొయ్యరాదూ" అని విసుక్కోవడం, వీటన్నిటికీ ఆ రోజు కారణం దొరికింది. నా దృష్టిలో లోకమంతా అలాగే ఉంటుంది కాబట్టి, లోతు అన్నది ఒకటి కంటికి కనిపిస్తుందని నాకు తెలియనే తెలియదు.

మేనేజర్ అక్కడే ఉండిపోయాడు. తిరుగు బస్సులో నేనూ ఆ అమ్మాయీ వచ్చాం. వంతెన మీదికి వచ్చాక ఆమె వైపు తిరిగాను.

"నీకు ముందే తెలుసా?" అన్నాను.

"మూడు వారాల నుంచి డౌట్ అంకుల్. మీరు తల ఊపుతూ చూస్తే కరెక్టు చెప్తారు. ఫోన్ భుజం మీద ఇరికించుకుని చూసినప్పుడు తప్పు చెప్తారు. అప్పుడు తల కదలదు కదా. ఒక కన్నే అయినా తల ఊపితే రెండు బొమ్మలూ ఒకదాని తర్వాత ఒకటి కనిపిస్తాయి, తేడా తెలిసిపోతుంది."

ఆరు నెలల్లో నేను కనిపెట్టలేనిది ఆమె కనిపెట్టింది. టెస్టర్ అంటే ఆమె.

"మరి నాకు చెప్పలేదేం? ఇట్లా అందరి ముందూ పరువు తీయాలనా?" అన్నాను. అప్పుడు కూడా నా నోటికి ఆ మాటే వచ్చింది చూడండి.

"అలగ కాదు అంకుల్. మీరు ముందు కూర్చుంటారని నేను అనుకోలేదు. నేను కూర్చుని చూపించాలనే తెచ్చాను. మీకు విడిగా చెబుదామనే ఉంది, కాని మీరు నా రిపోర్ట్ రాసే టైమ్. ఇప్పుడు చెప్తే, కన్‌ఫర్మేషన్ కోసం బెదిరిస్తున్నాననుకుంటారేమో అని భయం. మీరు రాసేశాక చెబుదామనుకున్నాను. అయినా ఉండలేక ఒకరోజు మకాన్ టైమ్‌లో, అదే లంచ్‌లో, చెప్పేద్దామని మీకు సీటు కూడా చోప్ చేశాను, మీరు రాలేదు. ఆ సేల్స్ అంకుల్ వచ్చి కూర్చుని ఒకటే మాటలు."

నేను కిటికీ వైపు తిరిగాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఇలా రాయడం సులువే గానీ, ఆ సీట్లో కూర్చోవడం సులువుగా లేదు.

"రాసేశారా అంకుల్, నా రిపోర్ట్?" అని అడిగింది.

"రాశాను."

"బాగా రాశారా?"

బస్సు గేటు దగ్గర ఆగగానే లేచి, పాస్ తిరిగిచ్చే వరసలో నిలబడ్డాను.

సాయంత్రం మేనేజర్ రాగానే గదిలోకి వెళ్లి, నా రిపోర్టు వెనక్కి ఇచ్చేయమన్నాను. ఫైల్లోంచి కాగితం తీయడానికి లేదన్నాడు. బతిమాలాను. ఆమె చదవకూడదన్నాను. ఆయన కళ్లజోడు తీసి నా వంక చూశాడు.

"ఆ పిల్ల మీద జాలితో వెనక్కి అడుగుతున్నావా, అది తప్పు కాబట్టి అడుగుతున్నావా?"

"తప్పు కాబట్టి."

"అయితే ఇంకో ఫారం తీసుకుని అదే రాయి. రెండూ ఉంటాయి ఫైల్లో. రెండూ చదువుతుంది."

రాశాను. ఏడు వాక్యాలకి గంటన్నర పట్టింది. మొదటి రిపోర్టు రాసిన వ్యక్తికి లోతును చూసే శక్తి లేదు. ఆ సంగతి అతనికి తెలియదు. తనకి కనిపించనిదంతా ఎదుటివారి అబద్ధమనుకున్నాడు. ఉద్యోగిని పరిశీలనలన్నీ సరైనవి. అమ్మే సంస్థ ప్రతినిధితో సంబంధం గురించి రాసినదానికి ఎలాంటి ఆధారమూ లేదు. ఉద్యోగం ఖాయం చేయవలసిందిగా సిఫారసు చేస్తున్నాను. ఇకపై ఈ యంత్రం పరీక్షల నుంచి నన్ను తప్పించవలసింది.

ఆ యంత్రం మీద మా తుది రిపోర్టు తర్వాత ఆమే రాసింది. ఒంటరిగా కూర్చుని మోడళ్లు చూసే పైపుల డిజైనర్లకి, అణువుల బొమ్మలతో పనిచేసేవాళ్లకి, ఆపరేషన్‌కి ముందు స్కాన్‌లు చూసుకునే సర్జన్లకి ఇది బాగా పనికొస్తుంది. రోజంతా ఉత్తరాలూ పట్టికలూ టైప్ చేసేవాళ్లకి, ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే తెర చూడాల్సినవాళ్లకి దీనివల్ల ఉపయోగం లేదు. రెండు కళ్లూ సమంగా పనిచేయని వాళ్లకి అసలు పనికిరాదు, వాళ్లకి ఆ సంగతి తెలిసి ఉండకపోవచ్చు కాబట్టి, కొనేముందు ప్రతి ఒక్కరికీ తల కదపనివ్వకుండా పరీక్ష పెట్టాలి. నా పేరు ఎక్కడా రాయలేదు.

కానీ అది తర్వాతి సంగతి. శుక్రవారం ఉదయం పదకొండింటికి మేనేజర్ గదిలోకి ఆమెని పిలిచారు. పద్ధతి ప్రకారం రాసినవాణ్ణి నేనూ ఉండాలి. రెండు ఫారాలూ ఆమె ముందు పెట్టారు. ఆమె మొదటిది పూర్తిగా చదివింది. హాకర్ సెంటర్ వాక్యం దగ్గరికి వచ్చాక చాలాసేపు అక్కడే ఆగింది. తర్వాత రెండోది చదివింది. మేనేజర్ నెమ్మదిగా, ఉద్యోగం ఖాయమైందని, ఉత్తరం సోమవారం వస్తుందని చెప్పాడు. ఆమె థాంక్యూ అంది. కలం తీసుకుంది గానీ సంతకం పెట్టలేదు. నా వైపు తిరిగి తెలుగులో అడిగింది.

"మెషిన్‌ని అనుమానించడం మీ డ్యూటీ అంకుల్. అది సరే. నన్ను అనుమానించింది కూడా డ్యూటీయేనా?"

ఔననడానికి దారి ఉంది. టెస్టర్ ఎవరినీ నమ్మకూడదు, పద్ధతి అలాంటిది అనవచ్చు. మేనేజర్‌కి తెలుగు రాదు కాబట్టి ఏం చెప్పినా మా ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. తల ఆడించి ఊరుకున్నా సరిపోయేది.

"కాదమ్మా" అన్నాను.

ఆమె రెండు కాగితాల మీదా సంతకం పెట్టి, కలం మూత బిగించి బల్ల మీద పెట్టి, తన సీటు దగ్గరికి వెళ్లి పని మొదలుపెట్టింది.